పొగాకు ఆకు నుంచి గుండె కండరం దాకా: కోఎంజైమ్ క్యూ10 చేసే మేలు ఎంత?

సంక్రాంతి దాటేసరికి కందుకూరు, కొండపి, పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో పొగాకు కొట్టుడు ఊపందుకుంటుంది. తోటలో ఆకు విరిచేవారి చేతులకు, బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) ముందు కూర్చుని ఆ ఆకును కర్రలకు కట్టే ఆడవారి వేళ్ళకు పట్టిన జిగురు సాయంత్రానికి నల్లబడి, ఎంత తోమినా ఒక పట్టాన వదలదు. ఆ జిగురు సంగతి అలా ఉంచితే, ఆకు లోపలి కొవ్వు పదార్థాలలో కంటికి కనిపించని మరొకటి ఉంది. దాని పేరు సొలనెసాల్. ఎండిన ఆకు బరువులో వందకు ఒకటి రెండు పాళ్ళు ఉండే ఈ మైనం వంటి పదార్థాన్ని వేరు చేసి, శుద్ధి చేసి, కొన్ని రసాయన చర్యలకు గురి చేస్తే కోఎంజైమ్ క్యూ10 తయారవుతుంది. ఒంగోలు, నెల్లూరు మందుల దుకాణాలలో 'కణశక్తికి', 'గుండె బలానికి' అని రాసిన పెట్టెలలో కనిపించే నారింజ రంగు గుళిక ఇదే. ప్రపంచ మార్కెట్‌కు వచ్చే సరుకులో చాలా భాగాన్ని ఇప్పుడు సూక్ష్మజీవులను పులియబెట్టి తయారు చేస్తున్నారు గానీ, పొగాకు దారి కూడా ఉన్నదే. శుద్ధి చేసిన గుళికలో నికోటిన్ ఉండదు కాబట్టి ఆ విషయంలో ఎవరూ భయపడనక్కరలేదు.

ఈ గుళికపై రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇది సర్వరోగ నివారిణి అని కొందరు, వట్టి వ్యాపారం అని మరికొందరు అంటారు. రెండూ సరికాదు. క్యూ10 శరీరంలో నిజంగా పని ఉన్న పదార్థం. గుండె బలహీనపడిన రోగులలో అది మేలు చేస్తుందనడానికి చెప్పుకోదగిన ఆధారం ఉంది. అయితే 'కణశక్తి' అనే మాటకు జీవరసాయన శాస్త్రంలో ఉన్న అర్థం వేరు, 'ఒంట్లో సత్తువ లేదు' అని డాక్టరు దగ్గరకు వచ్చిన మనిషి ఆశించే శక్తి వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే అవసరం లేనివారు డబ్బు పోగొట్టుకుంటున్నారు, అంతకంటే ముఖ్యంగా అసలు జబ్బు బయటపడడం ఆలస్యమవుతోంది.

మన శరీరంలోని ప్రతి పనికీ ఖర్చయ్యే ఇంధనం ఏటీపీ అనే అణువు. కండరం ముడుచుకోవాలన్నా, మూత్రపిండం రక్తాన్ని వడగట్టాలన్నా, మెదడులో ఒక తలపు కదలాలన్నా ఏటీపీ కరగాల్సిందే. ఈ అణువును గుర్తించిన వారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కావడం తెలుగువారు గర్వించదగిన విషయం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. ఒక మనిషి శరీరంలో ఏ క్షణంలోనైనా నిలవ ఉండే ఏటీపీ చాలా స్వల్పం. దానినే కరిగించి, మళ్ళీ కూర్చి, రోజంతా తిప్పుతూ ఉంటే ఇరవై నాలుగు గంటలలో తయారైన ఏటీపీ మొత్తం దాదాపు ఆ మనిషి బరువంత అవుతుంది. ఇంత వేగంగా ఈ పని సాగడానికి కణాలలో ఏటీపీని తయారు చేసే మైటోకాండ్రియాలు అనే చిన్న భాగాలు కారణం. క్షణమైనా విశ్రాంతి ఎరుగని గుండె కండరంలో కణ పరిమాణంలో సుమారు మూడో వంతును ఇవే ఆక్రమిస్తాయి.

మైటోకాండ్రియాకు రెండు పొరలు ఉంటాయి. తిన్న అన్నం, పప్పు, నూనె జీర్ణమై, విడిపోయి, చివరికి ఎలక్ట్రాన్‌ల రూపంలో లోపలి పొరకు చేరతాయి. ఆ పొరలో వరుసగా పొదిగి ఉన్న ప్రోటీన్ సముదాయాలు వాటిని ఒకదాని నుంచి మరొకటి అందుకుంటాయి. మొదటి, రెండవ సముదాయాల నుంచి ఎలక్ట్రాన్‌లను తీసుకుని మూడవ దానికి చేరవేసేది కోఎంజైమ్ క్యూ10. ఇది కొవ్వులో కరిగేది కనుక, కొవ్వుతో ఏర్పడిన ఆ పొరలో అటూ ఇటూ ఈదగలుగుతుంది. ఎలక్ట్రాన్‌లు చేతులు మారేటప్పుడు వెలువడే శక్తితో ప్రోటాన్‌లు పొరకు ఒక వైపు పోగవుతాయి. సోమశిల జలాశయంలో నిండిన నీరు తూము తెరవగానే ఎలా దూకుతుందో, పోగైన ప్రోటాన్‌లు కూడా తమకు దొరికిన ఒకే దారిలో అలా తిరిగి లోపలికి వస్తాయి. ఆ దారిలో ఉన్న ఎంజైమ్ వాటి ఒత్తిడికి తిరుగుతూ ఏటీపీని కూర్చుతుంది. ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. క్యూ10ను అంతకు చాలా ముందే, 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్రేన్ ఎద్దు గుండె నుంచి వేరుచేశారు. మరుసటి ఏడాది కార్ల్ ఫోకర్స్ బృందం దాని నిర్మాణాన్ని తేల్చింది.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. క్యూ10 ఇంధనం కాదు, ఇంధనం తయారీలో చేరవేత పని చేసే పదార్థం మాత్రమే. పొలం నుంచి వేలం కేంద్రానికి బేళ్ళు చేర్చే ట్రాక్టర్లు సరిపడా ఉన్నప్పుడు మరో పది ట్రాక్టర్లు తెచ్చి నిలబెట్టినంత మాత్రాన పంట పెరగదు. ట్రాక్టర్లు నిజంగా చాలనప్పుడు మాత్రం ఒక్కటి వచ్చినా సాయమే. ఆరోగ్యవంతుడి కణాలలో క్యూ10 చాలినంత ఉంటుంది. దానికి కారణం, విటమిన్‌ల మాదిరిగా ఆహారం మీదే ఆధారపడకుండా, శరీరంలోని ప్రతి కణమూ దీనిని స్వయంగా తయారు చేసుకోగలగడం. అందుకే దీనిని విటమిన్ అనడం సరైన మాట కాదు.

యాంటీ ఆక్సిడెంట్ అన్న రెండో పేరు కూడా దీనికి సార్థకమే. ఎలక్ట్రాన్‌లు చేతులు మారే దారిలో కొన్ని జారిపోయి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అప్పుడు పుట్టే చురుకైన అణువులు కణపు పొరల్లోని కొవ్వును, ప్రోటీన్‌లను దెబ్బతీస్తాయి. ఎలక్ట్రాన్‌లు నింపుకున్న క్యూ10, అంటే యూబిక్వినాల్ రూపం, ఆ అణువులకు ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని చల్లబరుస్తుంది. పని చేసి అలసిన విటమిన్ ఈని తిరిగి పనిలోకి తెస్తుంది. రక్తంలోని ఎల్‌డీఎల్ అనే చెడు కొవ్వు ఆక్సీకరణ చెందకుండా కొంత అడ్డుపడుతుంది. ఇదంతా నిజం. అయితే ప్రయోగశాలలో యాంటీ ఆక్సిడెంట్‌గా పని చేసే ప్రతి పదార్థమూ మనిషికి మేలు చేస్తుందని అనుకోవడానికి లేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్ష దీనికి గట్టి నిదర్శనం. మేలు చేస్తుందనుకుని ఇచ్చిన బీటా కెరోటిన్ వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను 18 శాతం పెంచిందని 1994లో వెల్లడైంది. క్యూ10కు అలాంటి హాని ఏదీ కనబడలేదు. కానీ పెట్టె మీద యాంటీ ఆక్సిడెంట్ అన్న అక్షరాలు చూసి నమ్మకం పెంచుకోకూడదని, మనుషుల మీద జరిగిన పరీక్షలు ఏం చెప్పాయో అడగాలని ఆ అనుభవం నేర్పింది.

ఆ పరీక్షల విషయానికి వస్తే, అన్నిటికంటే బరువైన ఆధారం గుండె వైఫల్యంలో ఉంది. గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు, శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడం. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు పెట్టుకోవలసి రావడం దీని లక్షణాలు. ఇలాంటి రోగుల గుండె కండరంలో క్యూ10 తగ్గి ఉంటుందని, జబ్బు ముదిరిన కొద్దీ ఆ తగ్గుదల పెరుగుతుందని కండరపు ముక్కలు తీసి చూసిన పరిశోధకులు గమనించారు. జపాన్ 1974లోనే దీనిని గుండె వైఫల్యానికి మందుగా అనుమతించింది. 2014లో ఫలితాలు వెలువడిన క్యూ-సింబియో అనే అంతర్జాతీయ పరీక్షలో, జబ్బు బాగా ముదిరిన 420 మంది రోగులను రెండు భాగాలుగా చేసి, వారు వాడుతున్న మందులకు తోడుగా ఒక భాగానికి రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాముల క్యూ10, రెండో భాగానికి అదే రూపంలో ఉన్న, మందు లేని ఉత్తి గుళిక ఇచ్చారు. రెండేళ్ళు గడిచేసరికి గుండె సంబంధ మరణం, ఆసుపత్రిలో చేరిక వంటి పెద్ద సంఘటనలు ఉత్తి గుళిక వాడిన వారిలో 26 శాతానికి, క్యూ10 వాడిన వారిలో 15 శాతానికి ఎదురయ్యాయి. ఏ కారణంతోనైనా మరణించినవారు ఉత్తి గుళిక వాడిన వారిలో 18 శాతం, క్యూ10 వాడిన వారిలో 10 శాతం.

ఈ అంకెలు చిన్నవి కావు. అయినా ఆ పరీక్షకు రోగులను చేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, పాల్గొన్నవారి సంఖ్య కూడా హృద్రోగ పరీక్షల లెక్కలో తక్కువే. 2021లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ పదకొండు పరీక్షలను కలిపి సమీక్షించి, క్యూ10 గుండె వైఫల్య రోగుల మరణాలను, ఆసుపత్రి చేరికలను బహుశా తగ్గిస్తుందని, ఆధారం మధ్యస్థ స్థాయిలో ఉందని పేర్కొంది. ప్రధాన హృద్రోగ వైద్య సంఘాలు దీనిని తమ మార్గదర్శకాలలో నిత్య చికిత్సగా ఇంకా చేర్చలేదు. కాబట్టి డాక్టరు రాసిన మందులకు తోడుగా, ఆయనకు తెలిపి, దీనిని వాడడంలో అర్థం ఉంది. వాటిని మానేసి దీనిని పట్టుకోవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

వయసు పైబడినవారి విషయంలో స్వీడన్‌లోని కీసా అనే ఊళ్ళో జరిగిన పరీక్ష తరచు ప్రస్తావనకు వస్తుంది. 443 మంది వృద్ధులలో ఒక భాగానికి నాలుగేళ్ళపాటు రోజుకు 200 మిల్లీగ్రాముల క్యూ10తో పాటు సెలీనియం, మిగిలినవారికి ఉత్తి గుళిక ఇచ్చి చూస్తే, గుండె జబ్బు మరణాలు ఉత్తి గుళిక వాడిన వారిలో 12.6 శాతం, క్యూ10, సెలీనియం వాడిన వారిలో 5.9 శాతం ఉన్నాయి. కానీ ఆ ప్రాంతపు నేలలో సెలీనియం తక్కువ. అక్కడి వృద్ధుల రక్తంలోనూ ఆ లోటు ఉంది. ఆ మేలులో సెలీనియం వాటా ఎంత, క్యూ10 వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడానికి ఆ పరీక్షలో వీలు లేదు. ఆ ఫలితాన్ని తెచ్చి పెన్నా ఒడ్డున చేపలు తిని పెరిగిన మనిషికి యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతంలో క్యూ10 కొనేవారిలో చాలామంది ఇవి వాడేవారే. కాలేయం కొలెస్ట్రాల్‌ను తయారు చేసే రసాయన మార్గమూ, కణాలు క్యూ10 అణువులోని పొడవైన గొలుసు భాగాన్ని తయారు చేసే మార్గమూ చాలా దూరం ఒకటే. స్టాటిన్ ఆ మార్గాన్ని మొదట్లోనే అడ్డుకుంటుంది కనుక రక్తంలో క్యూ10 కూడా తగ్గుతుంది. స్టాటిన్ మొదలుపెట్టాక పిక్కలు పీకుతున్నాయని, తొడలు బరువెక్కుతున్నాయని చెప్పేవారికి ఇది సరైన విరుగుడు అనిపించడం సహజం. పరీక్షలు మాత్రం ఏకాభిప్రాయానికి రాలేదు. కొన్ని సమీక్షలు నొప్పి తగ్గుతుందని, కొన్ని తేడా లేదని చెప్పాయి. దీనికి తోడు, 2020లో వెలువడిన సామ్సన్ అనే పరీక్ష ఒక అనూహ్య విషయం బయటపెట్టింది. నొప్పుల వంటి బాధల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తి మాత్ర, మరికొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా చూస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చింది. ఆ రోగుల బాధ నిజమే, దాని మూలం మాత్రం మాత్రలోని మందులో కంటే మాత్ర మీది భయంలో ఎక్కువగా ఉంది. నొప్పి ఉన్నవారు డాక్టరుతో మాట్లాడి, రెండు మూడు నెలలు క్యూ10 వాడి చూడడంలో నష్టం లేదు. నొప్పికి భయపడి, గుండెపోటు వచ్చిన తరువాత రాసిన స్టాటిన్‌ను సొంతంగా ఆపేయడంలో మాత్రం చాలా నష్టం ఉంది.

మిగిలిన ఉపయోగాలను క్లుప్తంగా చూడవచ్చు. తరచు పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) వచ్చే 42 మందిపై 2005లో వెలువడిన చిన్న పరీక్షలో రోజుకు 300 మిల్లీగ్రాములు వాడినవారిలో దాదాపు సగం మందికి నొప్పి వచ్చే సార్లు సగానికి తగ్గాయి. రక్తపోటు మీద చెప్పుకోదగిన ప్రభావం లేదు. సంతాన సాఫల్య కేంద్రాలలో దీనిని విరివిగా రాస్తున్నారు. వీర్యకణాల కదలిక మెరుగుపడినట్టు కొన్ని పరీక్షలు చూపాయి, బిడ్డ పుట్టే అవకాశం ఎంత పెరుగుతుందన్నది ఇంకా తేలలేదు. పార్కిన్సన్ వ్యాధిలో దీనిపై పెద్ద ఆశ ఉండేది. 600 మందిలో కొందరికి రోజుకు 1200, కొందరికి 2400 మిల్లీగ్రాములు, మిగిలినవారికి ఉత్తి మాత్ర ఇచ్చి చూసిన పరీక్షలో ఏ మేలూ కనబడక మధ్యలోనే ఆపేశారు. మెదడు కణాలు క్షీణించే హంటింగ్టన్ వ్యాధిలోనూ అదే జరిగింది. మరోవైపు, క్యూ10ను తయారు చేసుకునే జన్యువులోనే లోపంతో పుట్టే అరుదైన పిల్లలకు ఇది అక్షరాలా ప్రాణాధారం. ఎంత త్వరగా మొదలుపెడితే మూత్రపిండాలకు, మెదడుకు అంత రక్షణ.

ఇక నీరసం సంగతి. బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునే కూలీ, తెల్లవారకముందే వంట ముగించి నాట్లకు వెళ్ళే స్త్రీ, రొయ్యల చెరువు గట్టున నిద్ర కాచే యువకుడు 'ఒళ్ళు తూలుతోంది' అని మందుల దుకాణానికి వస్తే వారి చేతిలో క్యూ10 పెట్టడం అన్యాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎలక్ట్రాన్‌ల ప్రయాణం చివర వాటిని అందుకోవడానికి ఆక్సిజన్ ఉండాలి. ఆ ఆక్సిజన్‌ను కణం దాకా మోసేది హీమోగ్లోబిన్. పైగా ఎలక్ట్రాన్‌లు నడిచే ఆ ప్రోటీన్ సముదాయాలలోనూ ఇనుము ఉంది. ఇనుము లేని ఒంట్లో క్యూ10 ఎంత పోసినా ఏటీపీ పెరగదు. కణశక్తి పేరుతో అమ్మే ఖరీదైన గుళిక తీర్చలేని ఈ లోటును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్ర తీర్చగలదు. రక్తహీనత ఒక్కటే కాదు, థైరాయిడ్ మందగించడం, బయటపడని మధుమేహం, బీ12 లోపం, మూత్రపిండాల జబ్బు, క్షయ కూడా నీరసం రూపంలోనే మొదలవుతాయి. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటితో వచ్చే కీళ్ళ, ఎముకల నొప్పులను కూడా బలహీనతగానే చెప్పుకుంటారు. హీమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్, క్రియాటినిన్ పరీక్షలకయ్యే ఖర్చు నెల రోజుల క్యూ10 ఖర్చుకు మించకపోవచ్చు. ముందు అవి చేయించుకోవడమే న్యాయం.

ఆహారంలో క్యూ10 ఎక్కువగా ఉండేది కండరం, గుండె, కాలేయం వంటి మాంసంలో, నూనె చేపలలో. కొత్తపట్నం, మైపాడు తీరాల నుంచి వచ్చే కవళ్ళు, కానాగంతలలో వంద గ్రాములకు సుమారు నాలుగు నుంచి ఆరు మిల్లీగ్రాములు ఉంటుంది. వేయించిన వేరుశనగ గుళ్ళలో సుమారు రెండున్నర, నువ్వులలోనూ కొంత ఉంటాయి. సాధారణ భోజనంలో రోజుకు మూడు నుంచి ఆరు మిల్లీగ్రాములు అందుతుందని అంచనా. ఒక గుళికలోని 100 మిల్లీగ్రాములు ఆహారంతోనే రావాలంటే దాదాపు నాలుగు కిలోల వేరుశనగ తినాలి కనుక, చికిత్సకు కావలసిన మోతాదు తిండితో అందదు. ఆరోగ్యవంతుడికి ఆ మోతాదు అవసరమూ లేదు. చేపల పులుసు తినడానికి క్యూ10 కంటే మంచి కారణాలు చాలా ఉన్నాయి.

డాక్టరు సలహాతో వాడవలసిన వారు తెలుసుకోవలసింది, ఇది నీటిలో కరగదు. గుళికను కోసి ఆ నారింజ రంగు ముద్దను గ్లాసు నీటిలో వేస్తే పైన తేలుతూ గాజుకు అంటుకుంటుంది. అదే గోరువెచ్చని నూనెలో వేస్తే కరిగి నూనె మొత్తం పసుపు తిరుగుతుంది. పేగులోనూ అంతే. పరగడుపున వేసుకుంటే చాలా భాగం వృథాగా పోతుంది, నూనె, నెయ్యి ఉన్న మధ్యాహ్న భోజనంతో వేసుకుంటే ఒంటబడుతుంది. పెద్ద మోతాదును ఒకేసారి వేసుకోవడం కంటే రెండు మూడుగా పంచుకోవడం మేలు. యూబిక్వినాల్ అని ఎక్కువ ధరకు అమ్మే రూపం, మామూలు యూబిక్వినోన్ శరీరంలో ఒకదానినుంచి మరొకటిగా మారుతూనే ఉంటాయి. గుండె వైఫల్యంలో మేలు చూపిన క్యూ-సింబియో పరీక్షలో వాడింది మామూలు రూపమే. రాత్రి పొద్దుపోయాక వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు, కొందరికి కడుపులో తిప్పుతుంది. అంతకు మించిన ఇబ్బందులు అరుదు. ఈ పదార్థం 50 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు కాస్త అటూ ఇటూగా కరుగుతుంది, వెలుతురు తగిలినా చెడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, ఎండలో నిలిపిన కారులో పెట్టిన పెట్టెను నమ్ముకోలేం.

గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారికి ఒక హెచ్చరిక అవసరం. క్యూ10 నిర్మాణం విటమిన్ కేను పోలి ఉంటుంది కనుక వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గించవచ్చు. అలాంటివారు డాక్టరుకు చెప్పకుండా దీనిని మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టినా, ఆపినా రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఐఎన్ఆర్ పరీక్షను వెంటనే చేయించుకోవాలి. మన దేశంలో ఈ గుళికలలో చాలా వాటిని ఔషధంగా కాక ఆహార అనుబంధంగా, ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధనల కింద అమ్ముతారు. వాటి పెట్టె మీద ఔషధ వినియోగానికి కాదని ముద్రించి ఉంటుంది. చిన్న అక్షరాలలో ఉన్న ఆ వాక్యాన్ని, దాని పక్కనే ఒక్కో గుళికలో ఎన్ని మిల్లీగ్రాముల క్యూ10 ఉందో తెలిపే అంకెను కొనేముందు చదవాలి. పదిహేను రకాల విటమిన్‌లతో కలిపి 'పూర్తి కణశక్తి' అని అమ్మే కొన్ని మాత్రలలో క్యూ10 పది మిల్లీగ్రాములకు మించి ఉండదు. గుండె రోగులకు మేలు చూపిన పరీక్షలో వాడింది రోజుకు 300 మిల్లీగ్రాములు.